పాలారు దాటిన దొడ్డమ్మ
ఆవతి ప్రభువుల పడమటి వలస కథ

బెంగళూరు నగర చరిత్ర అనగానే 1537వ సంవత్సరం, కెంపేగౌడ కట్టించిన మట్టికోట, నాలుగు దిక్కులకు సాగిన నాలుగు నాగళ్ళు గుర్తుకు వస్తాయి. బడిపిల్లల పాఠం అక్కడే ఆరంభమవుతుంది. ఆ కోటను కట్టించిన వంశం ఈ నేలకు ఎక్కడినుంచి వచ్చినది, ఏ అవస్థలో వచ్చినది అన్న సంగతి పాఠాలలో అరుదుగానే కనబడుతుంది. కెంపేగౌడకు ఒక శతాబ్దానికి పైగా ముందు ఆయన పూర్వులు తూర్పుసీమలోని తమ ఊరిని విడిచి, బండ్ల మీద పిల్లాపాపలను ఎక్కించుకొని, మానప్రాణభయంతో పడమటికి తరలివచ్చినవారు. వారిది మొరసు ఒక్కలిగ కులం, వారి ఇలవేలుపు భైరవుడు. వారు తెలుగు మూలం గలవారని మైసూరు గెజిటీరును కూర్చిన లూయీ రైసు స్పష్టంగా వ్రాశాడు. అంతటి వలసకు కారణం ఒక ఆడపిల్ల.

ఈ రైసు దొర బెంగళూరులోనే 1837లో పుట్టినవాడు, మిషనరీ కుమారుడు. మైసూరు రాజ్యంలోని శాసనాలను వేల సంఖ్యలో సేకరించి అచ్చువేయించినవాడు. శాసనాలను నమ్మినంతగా కథలను నమ్మే స్వభావం అతనిది కాదు. అయినా ఆవతి వంశం విషయంలో అతడు ప్రజల నోట నిలిచిన కథనే ఆధారంగా తీసుకోవలసి వచ్చింది. పారిపోయేవారు శాసనాలు చెక్కించుకుంటూ పోరు గదా! నిలదొక్కుకొన్న తరువాతనే రాతి మీద పేర్లు పడతాయి. అంతవరకు జరిగినదంతా నోటిమాటే.

ఆ నోటిమాట ఇలా సాగుతుంది. కంచి పట్టణానికి సమీపాన యెనమంజి పుత్తూరు అనే ఊరు. అక్కడి పెద్ద కుటుంబంలో దొడ్డమ్మ అనే అందగత్తె పుట్టింది. ఆ ప్రాంతంలో బలవంతుడైన ఒక నాయకుడు ఆమెను తనకిచ్చి పెండ్లి చేయవలసిందని కబురంపాడు. అతడిది తమకంటె తక్కువ కులమని ఆ కుటుంబం భావించింది. ఇవ్వమంటే ఊరు నిలవదు, ఇస్తే కులం నిలవదు. చివరకు రణభైరేగౌడ నాయకత్వంలో ఏడుగురు అన్నదమ్ములు కుటుంబాలతో సహా బండ్లు కట్టుకొని బయలుదేరారు. వెనుక తరుముకొని వచ్చే బలగం, ముందు పొంగి పారుతున్న పాలారు. దిక్కుతోచక నిలిచిన వేళ దొడ్డమ్మ గంగాదేవిని ప్రార్థించి తన చెవి కమ్మను తీసి ఏటిలోకి విసిరింది. నీరు రెండుగా చీలి దారి ఇచ్చింది. బండ్లు ఆవలి ఒడ్డు చేరగానే నీరు మళ్ళీ కలిసిపోయింది. తరుముతూ వచ్చినవారు ఈవలి ఒడ్డుననే నిలిచిపోయారు.

వసుదేవునికి యమున దారి ఇచ్చిన కథ వింటూ పెరిగిన తెలుగువారికి ఇందులో వింత తోచదు. బైబిలు చదివినవారికి ఎర్ర సముద్రం గుర్తుకు వస్తుంది. అయితే ఇలాంటి కథ ఈ ఒక్క వంశానిదే కాదని గమనించాలి. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కులాల వలసకథలలో ఇదే పోలిక పదేపదే కనబడుతుంది. ఒక పాలకుడు ఆడపిల్లను కోరడం, పెద్దలు కాదనడం, రాత్రివేళ ఊరు విడవడం, వరదలో ఉన్న ఏరు, దైవికంగా దొరికిన దారి. కంబళత్తార్ల కథలో ఏటిగట్టున ఉన్న చెట్లు వంగి వంతెనగా నిలిచాయంటారు. కోవిల్‌పట్టి ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ నవలకు అటువంటి జ్ఞాపకమే పునాది. ఆర్యవైశ్యుల వాసవీ కన్యక కథలో ఏరు లేదు గాని రాజు కోరిక, పెద్దల నిరాకరణ ఉన్నాయి. అక్కడ పరిష్కారం వలస కాదు, అగ్నిప్రవేశం. ఇన్ని కులాలు ఒకే కథను చెప్పుకోవడాన్ని చూసి దానిని కల్పనగా కొట్టివేయడం తేలిక. కానీ ఒకే రకమైన భయం అనేక ఊళ్ళలో నిజంగానే ఉండి ఉండవచ్చు. నదులు చీలకపోవచ్చు గాని, ఆడపిల్లను ఇవ్వలేక ఊరు విడిచినవారు లేరని చరిత్రకారుడు చెప్పలేడు.

కాలపరిస్థితి కూడా ఆ కథకు ఎదురు నిలవదు. ఈ వలస పదునాలుగవ శతాబ్దం చివరి భాగంలో జరిగినదని సంప్రదాయం. కంచి మండలం అప్పటికి ఒక తరం కాలంగా కుదుటలేకుండా ఉన్నది. 1360 ప్రాంతంలో విజయనగర రాజకుమారుడు కంపరాయలు శంబువరాయలను ఓడించి ఆ సీమను ఆక్రమించాడు. ఆయన రాణి గంగాదేవి ఆ దండయాత్రనే సంస్కృత కావ్యంగా రచించింది. పాత పాలకుల అధికారం సడలి, కొత్త పాలకుల అధికారం పల్లెలకు ఇంకా పూర్తిగా పాకని సంధికాలంలో చిన్న నాయకులు చెలరేగడం సహజం. పడమట విజయనగరపు నీడన ఖాళీనేలలు ఉన్నాయన్న వార్త కూడా ఆ పల్లెలకు చేరే ఉంటుంది. భయం ఒక్కటే మనిషిని కదిలించదు. ఎక్కడికి పోవాలో తెలిసినప్పుడే భయం ప్రయాణంగా మారుతుంది.

పాలారును గూర్చి ఒక మాట. ఈ ఏరు నంది కొండల పరిసరాలలో, నేటి చిక్కబళ్ళాపుర, కోలారు జిల్లాల మెరకనేలలో పుట్టి, చిత్తూరు సీమను కొద్దిగా తాకి, వేలూరు, కంచి ప్రాంతాల మీదుగా 348 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో అధికభాగం ఇసుక తప్ప నీరు కనబడని ఏరు అది. అటువంటి ఏరు వారు వచ్చిననాడే పొంగి పారడం ఆ కుటుంబ దురదృష్టం. దిగువన తమను అడ్డగించిన ఏటికి ఎగువనున్న పుట్టినింటి దిక్కుగానే వారు నడిచారు. ఏటిని దాటినవారు ఏరు పుట్టిన కొండల చెంతనే కాపురం పెట్టారు.

కంచి నుండి ఆవతి రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరం. సముద్రమట్టానికి వంద మీటర్లైనా లేని వరిపొలాల సీమ నుండి సుమారు తొమ్మిదివందల మీటర్ల ఎత్తున ఉన్న రాగిచేల సీమకు ఎక్కాలి. నడుమ కనుమలు. పసిపిల్లలు, ముసలివారు, విత్తనాలు, కాడెద్దులు, పాలిచ్చే పశువులు, ఇలవేలుపు విగ్రహం, వీటన్నిటితో బండ్లు కనుమ ఎక్కడమంటే పక్షం రోజులకు పైమాటే అయి ఉంటుంది. నంది దుర్గపు పరిసరాలలో రామస్వామి బెట్ట పాదాన వారు విడిది చేసినపుడు, అక్కడే నిలవవలసిందని నాయకునికి కలలో ఆదేశం అందినదట. అలా వెలసినది ఆవతి గ్రామం. దేవనహళ్ళికి ఉత్తరంగా నేటికీ అది చిన్న ఊరే.

ప్రపంచ చరిత్రలో ఇటువంటి పడమటి ప్రయాణాలలో అందరికీ ఎక్కువగా తెలిసినది అమెరికాలోని మార్మనులది. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో ఏర్పడిన ఆ మతసమాజాన్ని ఇరుగుపొరుగులు ఒక్కచోట నిలవనీయలేదు. మిస్సోరి గవర్నరు 1838లో వారిని రాష్ట్రం నుండి తరిమివేయాలని, లేదా తుడిచిపెట్టాలని ఆజ్ఞాపించాడు. వారి స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌ను 1844లో ఇలినాయ్ రాష్ట్రంలో జైలులో ఉండగానే మూక చంపివేసింది. 1846 ఫిబ్రవరిలో వారు గడ్డకట్టే చలిలో మిసిసిపీ నదిని దాటి, బ్రిగ్‌హామ్ యంగ్ నాయకత్వంలో సుమారు రెండువేల కిలోమీటర్లు బండ్ల మీద ప్రయాణించారు. ముందువరుసవారు 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయ చేరారు. నీరు చాలని నేలకు కాలువలు త్రవ్వి, నగరం నిర్మించారు. తరువాత 1856 నుండి కొన్నేళ్ళు ఎడ్లు కొనలేని పేదలు తోపుడుబండ్లను స్వయంగా లాగుకొంటూ అదే దారిన వచ్చారు. ఆ బండి వారి సమాజానికి నేటికీ పూజ్యమైన గుర్తు.

మొరసు ఒక్కలిగలకు కూడా బండి పూజ్యమే. వారు తమ వేలుపును ‘బండి దేవరు’ అని కొలిచారు. తమను మోసుకొనివచ్చిన బండిని మరువకుండా పండుగలో బండ్లను అలంకరించి నడిపించారు. ఈ రెండు సమాజాల నడుమ పోలిక అంతటితో ఆగదు. ప్రాణాలతో తప్పించుకొని కొత్తనేలకు చేరిన సమాజం తన ప్రత్యేకతను గట్టిగా పట్టుకొంటుంది. ఆ ప్రత్యేకతకు వెల చెల్లించేది చాలాసార్లు ఆ సమాజపు స్త్రీలే. మార్మనులలో బహుభార్యాత్వం అటువంటిది. ప్రభుత్వపు ఒత్తిడికి 1890లో గాని వారి పెద్దలు దానిని విడువలేదు. మొరసువారి ఆచారం వేరు. అది ఇంకా కఠినమైనది.

ఆ ఆచారం ఏమిటంటే, పెద్దకూతురికి చెవులు కుట్టించే వేడుకకు ముందు తల్లి తన చేతి చివరి రెండు వేళ్ళ కొసకణుపులను భైరవునికి అర్పించాలి. ఊరి కమ్మరి ఉలితో ఆ పని చేసేవాడు. దానికొక పురాణగాథ చెప్పేవారు. భస్మాసురుని పోలిన వృకాసురుడు శివుని తలపై చేయి పెట్టవలెనని తరుముతుండగా శివుడు పొలంలో దాగాడు. అక్కడ దున్నుతున్న రైతును అసురుడు అడిగితే, అతడు నోటితో చెప్పడానికి భయపడి వేలితో చోటు చూపాడు. మోహిని వచ్చి అసురుని వధించిన తరువాత, ద్రోహం చేసిన ఆ వేలిని శివుడు కోరాడు. అన్నం తెచ్చిన రైతు భార్య అడ్డుపడి, మగవాని వేలు పోతే సేద్యం సాగదని, బదులుగా తనవి రెండు వేళ్ళు తీసుకోవలసిందని వేడుకొన్నది. కోలారు ప్రాంతపు సీతి బెట్టపై ఉన్న భైరవాలయానికి ఈ గాథతో సంబంధం చెబుతారు.

చూపినది భర్త వేలు, పోయినది భార్య వేళ్ళు! ఆడపిల్లను కాపాడుకోవడానికి ఊరినే వదులుకొన్న వంశపు కులంలో, ఆడపిల్ల చెవికి పోగు పడాలంటే తల్లి వేళ్ళు తెగవలసి రావడం విచిత్రం. చెవి కమ్మ ఇచ్చి ఏరు దాటించిన దొడ్డమ్మ కథకూ, చెవులు కుట్టే వేళ వేళ్ళు అర్పించే ఆచారానికీ చుట్టరికం ఉన్నదని ఎవరూ నిరూపించలేదు. ఒకే కులంలో రెండూ పక్కపక్కనే నిలిచాయన్నంతవరకు నిజం.

ఈ దురాచారాన్ని కెంపేగౌడ మాన్పించాడని ప్రసిద్ధి. వార్షికోత్సవ ఉపన్యాసాలలో, పత్రికా వ్యాసాలలో ఆ మాట తరచు వినబడుతుంది. ఆయన నిషేధించి ఉండవచ్చు. కానీ నిషేధించినంత మాత్రాన ఆచారం పోలేదు. 1810లో మైసూరు చరిత్ర మొదటి సంపుటాన్ని వెలువరించిన కర్నల్ విల్క్స్ దానిని అప్పటి సంగతిగానే వర్ణించాడు. పందొమ్మిదవ శతాబ్దంలో మైసూరు ప్రభుత్వం గట్టిగా నిషేధించిన తరువాతనే అది ఆగింది. ఆ పిమ్మట వేలికి బంగారు లేదా వెండి తొడుగు తొడిగి, పూజవేళ దానిని లాగివేయడంతో సరిపెట్టుకొన్నారు. పాలకుని మంచితనాన్ని పొగడవలసినదే. అయితే ఒక పాలకుని ఆజ్ఞకూ, ఇంటింట దాని అమలుకూ నడుమ మూడువందల ఏండ్లు పట్టవచ్చునన్నది ఆ పొగడ్త వెనుక మరుగుపడకూడదు.

తిరిగి ఆవతికి వద్దాం. కాపురం కుదురుకొన్నాక అన్నదమ్ములు విడిపోయి తలొక దిక్కున నేల చూసుకొన్నారు. ఈ విడిపోవడంలోనే ఆ వంశపు బలమంతా ఉన్నది. ఒక శాఖ మల్లభైరేగౌడది. దేవనహళ్ళిలో 1501లో మట్టికోట కట్టినది ఆ శాఖే. చిక్కబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం కూడా వారి చేతిలోనే పెరిగాయి. మరొక శాఖ తూర్పుగా సుగటూరు చేరి కోలారు, హొసకోట ప్రాంతాలను ఏలింది. సుగటూరు తమ్మేగౌడ 1595 ప్రాంతంలో హొసకోటను నిర్మించాడు. జయగౌడ శాఖ యలహంక పట్టి, విజయనగర ప్రభువుల ఆధిపత్యాన్ని అంగీకరించి, ‘యలహంక నాడప్రభువు’ అన్న బిరుదు పొందింది. జయగౌడ పాలన 1418లో మొదలైనదని వంశక్రమం చెబుతుంది. ఆయన తరువాత గిడ్డేగౌడ, ఆపై కెంపనంజేగౌడ, ఆపై కెంపేగౌడ. బిడ్డలు లేని గిడ్డేగౌడ కెంపమ్మ అనే దేవతకు మొక్కుకొనగా కలిగిన కొడుకుకు ఆమె పేరు పెట్టాడని ఐతిహ్యం. నేడు బస్‌స్టాండు నుండి విమానాశ్రయం వరకు నగరమంతా పలుకుతున్న ‘కెంపే’ అన్న మాట ఆ విధంగా ఒక అమ్మవారి పేరు.

ఇన్ని గౌడల పేర్లు వంశవృక్షంలో ఉండగా, ఏరు దాటాక దొడ్డమ్మ ఏమైనదో, ఎవరిని పెండ్లాడినదో ప్రసిద్ధ కథనం చెప్పదు. ఆమె పని ఒడ్డు దాటించడంతో అయిపోయినట్లుంది.

ఇక బెంగళూరు. ఆ పేరు కెంపేగౌడ పెట్టినది కాదు. బేగూరులోని తొమ్మిదవ శతాబ్దపు వీరగల్లు శాసనంలోనే ‘బెంగళూరు’ యుద్ధం ప్రస్తావన ఉన్నది. కన్నడ జనం అప్పటికే శతాబ్దాలుగా ఊళ్ళు కట్టుకొని, చెరువులు త్రవ్వుకొని జీవిస్తున్న నేల ఇది. వలస వచ్చినవారు అడుగుపెట్టినది నిర్జనారణ్యంలో కాదు. కుందేలు వేటకుక్కను తరిమిన చోట వీరభూమి అని ఎంచి కోట కట్టారన్న కథ బెంగళూరుకూ చెబుతారు, హంపీకీ చెబుతారు. ఆ కుందేలు దక్షిణదేశంలో చాలా ఊళ్ళే తిరిగింది! ఆ కథను పక్కన పెట్టి చూస్తే, కెంపేగౌడ చేసిన ఘనకార్యం తెలుస్తుంది. జీవనది లేని ఎత్తైన గట్టు మీద వర్తకపట్టణాన్ని నిలపాలంటే ముందు నీరు నిలపాలి. ధర్మాంబుధి, కెంపాంబుధి చెరువులు ఆ ఆలోచన ఫలితాలు. చిక్కపేట, దొడ్డపేట కలిసే కూడలి నుండి నాలుగు దిక్కులకు నాగళ్ళు కట్టి, అవి సాగిన చాళ్ళే వీధులుగా పేటను వేయించాడు. ప్రత్తికి అరళెపేట, బియ్యానికి అక్కిపేట, కుండలకు కుంబారపేట, నూనెకు గాణిగరపేట అని ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క పేట ఇచ్చి, పలు సీమల పనివారిని పిలిచి కూర్చోబెట్టాడు. నిలవనీడ వెదుకుకొంటూ వచ్చినవారి మనుమడు ఇతరులకు నీడ చూపించే స్థితికి వచ్చాడు. అచ్యుతదేవరాయలు మెచ్చి హలసూరు, బేగూరు, వర్తూరు, జిగణి, కెంగేరి మొదలైన గ్రామాలను ఇచ్చాడు. వాటి ఆదాయం ముప్పది వేల వరహాలు.

ఈ కోట కథలోనూ ఒక స్త్రీ ఉన్నది. కోటద్వారం ఎన్నిసార్లు నిలిపినా రాత్రికి కూలిపోతుండగా, నిండుచూలాలైన కెంపేగౌడ కోడలు లక్ష్మమ్మ అర్ధరాత్రి వెళ్ళి తన తల తానే నరుకుకొని బలి అయినదనీ, ఆపైన ద్వారం నిలిచినదనీ చెబుతారు. కోరమంగళలో ఆమె పేర గుడి ఉన్నది. దక్షిణదేశంలోని కోటలకు, చెరువుకట్టలకు ఇటువంటి బలికథలు కొల్లలు. అయినా దొడ్డమ్మ, వేళ్ళు అర్పించిన తల్లులు, లక్ష్మమ్మ, ఈ ముగ్గురినీ ఒక్క వరుసన నిలిపి చూస్తే, ఆవతి వంశపు ఎదుగుదలలో ప్రతి మెట్టు దగ్గరా ఒక స్త్రీ ఏదో ఒకటి విడిచిపెట్టినట్లు ప్రజల జ్ఞాపకం చెబుతున్నది. ఆమె విడిచినది మొదట కమ్మ, తరువాత వేళ్ళు, చివరకు తల. రాజులు వ్రాయించిన శాసనాలు ఈ లెక్క చెప్పవు.

ఆ వంశపు భాషను గూర్చి తెలుగువారికి సహజంగానే కుతూహలం ఉంటుంది. ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేర ప్రసిద్ధం. శివుని ఇద్దరు దేవేరుల కథను ఎన్నుకొన్న ఆ ప్రభువు ఇంట పాలారును చీల్చిన గంగమ్మ కథ ఏదో రూపంలో వినబడుతూ ఉండేదని ఊహిస్తే తప్పు కాదు. ఇంత మాత్రాన బెంగళూరు తెలుగువారి నగరమని వాదించడం మాత్రం తగదు. అప్పుడప్పుడు సభలలో ఆ మాట వినబడుతుంది. ఆ వంశం కన్నడ నాటిలో నాడప్రభువులుగా నిలిచింది, కన్నడంలో శాసనాలు వేయించింది, ఇక్కడి దేవుళ్ళకు గుళ్ళు కట్టించింది. శివగంగలోని గంగాధరేశ్వరాలయంలో 1609 నాటి కెంపేగౌడ లోహవిగ్రహం చేతులు జోడించి నిలిచి ఉన్నది. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, సాహిత్యానికి రెండూ అన్నది విజయనగర కాలపు సాధారణ మర్యాద. బాగేపల్లి, గుడిబండ, చింతామణి, ముళబాగిలు తాలూకాల పల్లెలలో నేటికీ తల్లి తెలుగులో పిలుస్తుంది, బిడ్డ బడిలో కన్నడం వ్రాస్తాడు. అక్కడివారికి అదొక సమస్యగా తోచలేదు.

స్థిరపడిన తరువాత కూడా ఆ వంశానికి కష్టాలు తప్పలేదు. ఇలవేలుపు పేర ‘భైరవ’ వరహాలు ముద్రించినందుకు, అది చక్రవర్తి హక్కును అతిక్రమించడమని విజయనగరం వారు కెంపేగౌడను ఆనెగొందిలో ఐదేండ్లు చెరపెట్టారు. ఆయన 1569లో మరణించాడు. మాగడి సమీపాన కెంపాపురంలోని ఒక పాతకట్టడం ఆయన సమాధి అని 2015లో గుర్తించారు. 1638లో బిజాపూరు సేనాని రణదుల్లాఖాన్, శివాజీ తండ్రి షాహజీ కలిసి బెంగళూరును పట్టుకొన్నారు. కెంపేగౌడ వంశీయులు తాము కట్టిన నగరాన్ని వదలి మళ్ళీ పడమటి దారి పట్టి మాగడి చేరారు. ఈసారి ఏరు చీలవలసిన పని లేదు, సావనదుర్గపు ఏకశిల అండగా ఉన్నది. 1728లో మైసూరు సేన మాగడిని, సావనదుర్గాన్ని పట్టుకొన్నది. చివరి ప్రభువు శ్రీరంగపట్టణపు చెరసాలలో కన్ను మూశాడు. తూర్పున కంచి దగ్గర ఒక నాయకునికి తలవంచక బయలుదేరిన వంశపు ప్రయాణం పడమట కావేరీ నడుమ దీవిలో ముగిసింది.

ఆవతి, దేవనహళ్ళి మాత్రం వలసలను చూస్తూనే ఉన్నాయి. దేవనహళ్ళి చెంత 2008లో మొదలైన అంతర్జాతీయ విమానాశ్రయానికి 2013లో కెంపేగౌడ పేరు పెట్టారు. 2022 నవంబరు 11న అక్కడ 108 అడుగుల ఆయన కంచువిగ్రహాన్ని ఆవిష్కరించారు. దొడ్డమ్మ విగ్రహం ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఎవరూ వేసినట్లు లేదు. హైదరాబాదు నుండి, అనంతపురం నుండి రాత్రంతా ప్రయాణించిన బస్సులు తెలవారే వేళకు చిక్కబళ్ళాపురం దాటి ఆ రహదారి మీదుగానే నగరంలోకి దిగుతాయి. కొత్త ఉద్యోగానికి వస్తున్న పిల్లలు, వారికి పచ్చళ్ళ సీసాలు మోసుకొని వస్తున్న తల్లులు కిటికీ పక్కన కునికిపాట్లు పడుతుండగా, ఆవతి పేరున్న పలక ఒకటి వెనక్కు పోతుంది.